తిరుపతి పెళ్లి, మిస్సోరి విడాకులు

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఓ జంటకు పెళ్లయింది. 1980లో భర్త అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. మరుసటేడు నవంబరులో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. భార్య ఉండగా రెండో పెళ్లి చేసుకున్నాడంటూ చీరాల మేజిస్ట్రేటు కోర్టుకెక్కింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1991 జులై 9న తేలింది.

ఇన్నేళ్లయినా పరాయి దేశపు విడాకుల మీద మన కోర్టులు ముందుగా తీసి చూసేది ఆ తీర్పునే. 90 రోజులు ఉంటే చాలు, మిస్సోరిలో విడాకులు అడగొచ్చు. భర్త ఆ లెక్క చూపించాడే కానీ అక్కడ స్థిరపడే ఉద్దేశం అతనికి లేదని కోర్టు గుర్తించింది. బంధం మళ్లీ అతకనంతగా చెడిపోయిందని అక్కడి కోర్టు డిక్రీ ఇచ్చింది. మన హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. ఇక భార్య, మీ పరిధికి, అంటే ఈ కేసు వినే అధికారం మీకుందనడానికి, నేను ఒప్పుకోవడం లేదంటూనే ఆ కోర్టుకు జవాబు పంపింది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదని జస్టిస్ పి.బి.సావంత్ రాశారు. డిక్రీ ఇక్కడ చెల్లలేదు.

అదే 1991లో, అక్టోబరు 1న అమెరికాలో నిపుణులకిచ్చే ఉద్యోగ వీసా హెచ్1బీ అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత మన ఊళ్ల నుంచి ఇంజినీర్లు వేలల్లో వెళ్లారు, వాళ్ల వెంట భార్యలు భర్త వీసాపై ఆధారపడ్డ హెచ్4 వీసా మీద వెళ్లారు. నిజానికి చిక్కుముడి పడింది ఇక్కడే. డిక్రీ ఇచ్చిన చోట అది చెల్లితే ఇమిగ్రేషన్ అధికారులకు అది చాలు. మన తీర్పు వాళ్లను ఆపదు. అంటే ఒకే మనిషి తిరుపతిలో చట్టప్రకారం భార్య, అమెరికాలో స్టేటస్, అంటే చట్టబద్ధంగా ఉండే హోదా, పోయిన విదేశీయురాలు.

అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే ఐ-94 కాగితం మీద ఇంకా రెండేళ్ల గడువు కనిపిస్తుంటుంది. దాన్ని చూసుకుని ధైర్యంగా ఉండేవాళ్లు ఎందరో. కానీ జడ్జి డిక్రీ మీద సంతకం పెట్టిన రోజే హెచ్4 స్టేటస్ ముగిసిపోతుంది. ఉద్యోగం పోయిన హెచ్1బీ వాళ్లకైతే 2017 జనవరి నుంచి 60 రోజుల దాకా వెసులుబాటు ఉంది. విడాకులైన హెచ్4 భార్యకు అదీ లేదు. అందుకే డిక్రీ వచ్చేలోపే విద్యార్థి వీసాకో విజిటర్ వీసాకో మారేందుకు దరఖాస్తు పెట్టుకోమని అక్కడి లాయర్లు చెబుతారు.

గ్రీన్‌కార్డు సంగతి మరీ బాధాకరం. ఏ ఒక్క దేశానికీ 7 శాతం దాటకూడదన్న నిబంధన వల్ల ఉద్యోగాల కోటాలో భారతీయుల వరుస ఏళ్ల తరబడి కదలదు. భార్య ఆ వరుసలో నిలబడేది భర్త పేరు మీదే. కార్డు రాకముందే విడాకులైతే, పదేళ్లు నిలబడ్డా ఆమె చోటు పోతుంది. 2015 మేలో మొదలైన హెచ్4 ఈఏడీ, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కూడా, ఆ బంధంతోనే పోతుంది.

భర్త కొడుతుంటే? అమెరికా 1994 చట్టం సిటిజన్ల, గ్రీన్‌కార్డుదారుల భార్యలకు సొంతంగా దరఖాస్తు చేసుకునే దారి ఇచ్చింది. హెచ్1బీ భార్యలు దాని కిందికి రారు. వాళ్లకు కనీసం వర్క్ పర్మిట్ ఇవ్వాలని 2006 జనవరిలో చట్టం చేశారు, దరఖాస్తులు తీసుకోవడం మాత్రం 2017లో మొదలైంది. పదకొండేళ్లు! ఆ పర్మిట్‌తో ఉద్యోగం చేసుకోవచ్చు కానీ, దానివల్ల స్టేటస్ రాదు.

మన చట్టమూ తక్కువ తినలేదు. భారతీయుణ్ణి పెళ్లాడి ఓసీఐ కార్డు (వీసా లేకుండా ఇండియాకు వచ్చి ఉండేందుకు ఇచ్చేది) పొందిన విదేశీయురాలికి విడాకులైతే ఆ కార్డు రద్దు చేయొచ్చని 2015 సవరణ చెబుతోంది. ప్రవాసుల పెళ్లిళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే బిల్లును 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు, అది చట్టం కాలేదు. సమగ్ర చట్టం కావాలని 2024లో లా కమిషన్ మళ్లీ అడగాల్సి వచ్చింది.

పండక్కని తీసుకొచ్చి, పాస్‌పోర్టు పట్టుకుని భర్త ఒక్కడే విమానమెక్కేస్తే పుట్టింట్లో మిగిలిపోయిన అమ్మాయి పరిస్థితి ఇంకా కష్టం. కొన్నాళ్లకు అమెరికా కౌంటీ కోర్టు నుంచి సమన్లు వస్తాయి. వెళ్లి వాదించుకుందామంటే వీసా లేదు. మౌనంగా ఉంటే అక్కడ ఆమె వాదన వినకుండానే ఎక్స్‌పార్టీ డిక్రీ. పూర్తిగా వాదనకు దిగితే రేపు ఇక్కడ ఆ కోర్టు పరిధిని ఒప్పుకున్నట్టవుతుందేమోనని భయం. అందుకే తెలిసిన లాయరెవరైనా ఆమె జవాబులో మొట్టమొదట రాసేది తిరుపతి పెళ్లికూతురు రాసిన మాటే: మీ పరిధికి ఒప్పుకోకుండానే ఈ జవాబు ఇస్తున్నాను.