అమ్మ ఖాతాకా, కళాశాల ఖాతాకా, విద్యార్థి చేతికా?

1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం, 2015లో ఐఐటీ, ఐసర్ ఏర్పడిన తిరుపతిలో చదువుకునేవారిలో పెద్ద భాగం బయటి ఊళ్ల పిల్లలే. హాస్టల్లోనో, నలుగురు కలిసి తీసుకున్న అద్దె గదిలోనో ఉంటూ నెలనెలా మెస్ బిల్లు కట్టుకునే ఈ విద్యార్థులు 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో సొంత ఊళ్లకు వెళ్లిపోవలసి వచ్చింది. ఫీజు, మెస్ బకాయి, గది అద్దె, ఆన్‌లైన్ పాఠాలకు కావలసిన ఫోను, డేటా ఖర్చు అన్నీ ఒక్కసారి మీద పడిన ఆ సమయంలో విద్యార్థికి డబ్బు సాయం ఏ దారిలో అందాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది. ఆ ప్రశ్న కరోనాతో పుట్టినది కాదు.

దళిత విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు ఉపకార వేతనం ఇచ్చే పథకం బ్రిటిష్ పాలనలోనే, 1944లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 తర్వాత పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కళాశాలల కార్యాలయాల్లో రెండు పొట్టి పేర్లు స్థిరపడ్డాయి: కళాశాలకు చేరే బోధన రుసుము ఆర్‌టీఎఫ్, విద్యార్థి తిండికీ వసతికీ ఇచ్చేది ఎంటీఎఫ్. ఈ రెండింటినీ వేరుగా చూడకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. మొదటిది విద్యార్థి పేరు మీద వచ్చినా నిజానికి కళాశాలకు రావలసిన బాకీ. రెండోది విద్యార్థి కడుపుకు సంబంధించినది. కళాశాలకు నేరుగా వెళ్లే ఆర్‌టీఎఫ్ నెలల తరబడి ఆగిపోవడం, ఆ లోపు యాజమాన్యాలు తల్లిదండ్రుల దగ్గరే ఫీజు వసూలు చేయడం లేదా సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకోవడం మామూలైపోయాయి.

2019లో వచ్చిన ప్రభుత్వం ఈ రెండింటినీ విద్యా దీవెన, వసతి దీవెన అని పేరు మార్చి తీసుకువచ్చింది. ఐటీఐ విద్యార్థికి ఏడాదికి రూ.10,000, పాలిటెక్నిక్ విద్యార్థికి రూ.15,000, డిగ్రీ, ఆపై కోర్సుల వారికి రూ.20,000 చొప్పున రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేస్తామన్న వసతి దీవెన 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో మొదలైంది. సరిగ్గా నెల తిరిగేసరికి హాస్టళ్లు మూతపడ్డాయి. ఆ తర్వాతి విడత, సుమారు రూ.1,049 కోట్లు, 2021 ఏప్రిల్ 28న గానీ పడలేదు. ఇంటికి కూలి డబ్బు కూడా రాని ఆ పద్నాలుగు నెలలే ఈ సాయం అత్యవసరమైన కాలం. మహమ్మారి కోసమని విడిగా నిధి పెట్టకుండా, ఉన్న పథకమే ఆదుకుంటుందని వదిలేస్తే దాని విడతల తేదీలు విద్యార్థి అవసరంతో కలవవు, ఇక్కడ జరిగిందదే.

విద్యా దీవెన వైపు కొంత వేగం కనిపించింది. 2020 ఏప్రిల్ 28న ప్రభుత్వం పాత బకాయిలతో కలిపి సుమారు రూ.4,000 కోట్లు విడుదల చేసి, ముందే ఫీజు తీసుకున్న కళాశాలలు దాన్ని తల్లిదండ్రులకు తిరిగి ఇవ్వాలని చెప్పింది. 2021 ఏప్రిల్ 19 నుంచి ఈ డబ్బు కూడా మూడు నెలలకొకసారి తల్లుల ఖాతాల్లో పడసాగింది. డబ్బు తమ చేతుల మీదుగా వెళితే తల్లులు కళాశాలను నిలదీయగలుగుతారన్నది ప్రభుత్వ వాదన. డబ్బు ఇంటి అవసరాలకు ఖర్చయి తమకు చేరడం లేదన్నది యాజమాన్యాల ఫిర్యాదు. రెండింటిలోనూ నిజం ఉంది. రేషను కూడా గడవని ఇంట్లో తల్లి ఖాతాలో పడిన డబ్బు ముందు పొయ్యి మీదికే వెళుతుంది, దాన్ని తప్పు అనలేము. 2021 సెప్టెంబరులో హైకోర్టు యాజమాన్యాల పిటిషన్‌పై తీర్పు ఇస్తూ తల్లుల ఖాతాల నిబంధనను కొట్టివేసి, డబ్బు కళాశాలలకే ఇవ్వాలంది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్లి పాత పద్ధతినే కొనసాగించింది. 2022 మే 5న, తిరుపతి చిత్తూరు నుంచి విడివడి కొత్త జిల్లా అయిన నెల రోజులకు, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని స్టేడియం సభ నుంచి ముఖ్యమంత్రి బటన్ నొక్కి విడుదల చేసిన సుమారు రూ.709 కోట్లు కూడా తల్లుల ఖాతాలకే వెళ్లాయి.

ఇదే కాలంలో అమెరికా మరో దారి పట్టింది. 2020 మార్చి 27న అమలులోకి వచ్చిన కరోనా సహాయ చట్టం, కేర్స్ చట్టం, ఉన్నత విద్యకు సుమారు 1,400 కోట్ల డాలర్లు కేటాయించింది. ఒక్కో విద్యాసంస్థ వాటాను లెక్కించేటప్పుడు పేద విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటు పొందేవారి సంఖ్యకు 75 శాతం, మిగతా విద్యార్థుల సంఖ్యకు 25 శాతం బరువు ఇచ్చారు. అలా వచ్చిన వాటాలో కనీసం సగం అత్యవసర గ్రాంటుగా విద్యార్థికే ఇవ్వాలని, దాన్ని పాత ఫీజు బకాయిలో జమ చేసుకోకూడదని నియమం పెట్టారు. ఎవరికి ఎంత అన్నది విశ్వవిద్యాలయం నిర్ణయానికి వదిలారు. కొన్ని విశ్వవిద్యాలయాలు పెల్ విద్యార్థులందరికీ ఒకే మొత్తం ఇచ్చాయి, కొన్ని దరఖాస్తులు పిలిచి అవసరాన్ని బట్టి ఇచ్చాయి.

అక్కడా గొడవ తప్పలేదు. కేంద్ర సహాయానికి అర్హులైన విద్యార్థులకే ఇవ్వాలని విద్యా శాఖ ఏప్రిల్ 21న చెప్పడంతో విదేశీ విద్యార్థులు బయట మిగిలిపోయారు. తిరుపతి, చిత్తూరు నుంచి బ్యాంకు అప్పుతో ఎంఎస్‌కు వెళ్లినవారూ అందులో ఉన్నారు. కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలలు, వాషింగ్టన్ రాష్ట్రం ఈ ఆంక్షపై కోర్టులకు వెళ్లాయి. చివరకు 2021 మేలో వచ్చిన నిబంధన 2020 మార్చి 13న గానీ, ఆ తర్వాత గానీ చేరి ఉన్న విద్యార్థి ఎవరైనా అర్హులేనంది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన మరో కరోనా సహాయ చట్టం ఉన్నత విద్యకు ఇచ్చిన సుమారు 3,960 కోట్ల డాలర్లు అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. ఈ దశకు వచ్చేసరికి గ్రాంటును బకాయికి జమ చేసుకోవచ్చు, కానీ విద్యార్థి లిఖితపూర్వకంగా ఒప్పుకుంటేనే.

మన దగ్గర ఎన్నడూ అడగనిది ఆ ఒప్పుకోలే. 2023 చివర్లో తల్లీ విద్యార్థీ కలిసి తెరిచే ఉమ్మడి ఖాతా అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఫీజు మళ్లీ నేరుగా కళాశాల ఖాతాకే అని నిర్ణయించారు. పదహారేళ్లలో డబ్బు దారి కళాశాల నుంచి తల్లికి, తల్లి నుంచి ఉమ్మడి ఖాతాకు, అక్కడి నుంచి తిరిగి కళాశాలకు చేరింది. ఈ మార్పుల్లో ఏ ఒక్కదానికీ ముందు హాస్టల్ గది ఖాళీ చేసి వెళ్లిన విద్యార్థిని ఎవరూ సంతకం అడగలేదు.