సముద్రతీర పట్టణాల్లో పొగగొట్టాల సంరక్షణ: అపోహలు - వాస్తవాలు

పొగగొట్టం శుభ్రం చేయడమంటే లోపలి మసిని బ్రష్షుతో దులిపివేయడమేనని చాలామంది ఇంటి యజమానులు భావిస్తారు. ఉప్పుగాలి వీచే ఊళ్లలో మాత్రం గొట్టాన్ని లోపలి మంట కన్నా బయటి తేమ, ఉప్పు, గాలి ఎక్కువగా పాడుచేస్తాయి. పొగగొట్టాలు శుభ్రం చేసే ఈ వృత్తిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలను, వాటి వెనుకనున్న వాస్తవాలను కింద వివరిస్తున్నాను.

అపోహ: పొయ్యి వెలిగించేది ఎప్పుడో ఒకసారి కాబట్టి ఏటా తనిఖీ అవసరం లేదు.

వాస్తవం: పొయ్యి ఆరిపోయి ఉన్నా వాన ఆగదు, ఉప్పుగాలి ఆగదు. పైగా వాడకం లేని గొట్టంలోనే పక్షులు నిశ్చింతగా గూళ్లు కడతాయి. పొగగొట్టాల భద్రతకు అమెరికాలో పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 211 ప్రమాణం కూడా వాడకం ఎంతన్నది చూడకుండా కనీసం ఏడాదికొకసారి తనిఖీ చేయించాలని చెబుతుంది. తనిఖీ, శుభ్రత ఒకటి కావు. గొట్టం గోడలపై పేరుకున్న మసి సుమారు 3 మిల్లీమీటర్ల మందానికి చేరితే శుభ్రం చేయక తప్పదు. తీరప్రాంతంలో చలికాలం మొదలయ్యే ముందు కాక, ముగియగానే శుభ్రం చేయించడం మేలని నా అభిప్రాయం. మసికి తేమ తోడైతే ఆమ్లగుణం బయటపడి, వాడకం లేని నెలలన్నీ లోహాన్ని, సిమెంటును తింటూనే ఉంటుంది.

అపోహ: వాన, పక్షులు లోపలికి రాకుండా గొట్టం పైకొనకు స్టెయిన్‌లెస్ స్టీలు టోపీ (మూత) పెట్టించాం, ఇక తుప్పు భయం లేదు.

వాస్తవం: ఈ ఒక్క నమ్మకం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడేది దాని ఉపరితలంపై ఏర్పడే అతి పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర. ఉప్పులోని క్లోరైడ్ ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది; అలా ఏర్పడిన సన్నని గుంటలు పైకి చిన్న మచ్చల్లా కనిపిస్తూనే లోలోపలికి దిగుతాయి. సాధారణంగా దొరికే 304 రకానికి ఈ బాధ ఎక్కువ. 316 రకంలో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండడం వల్ల అది ఉప్పును మెరుగ్గా తట్టుకుంటుంది, కనుక సముద్రానికి దగ్గరలో ఉన్నవారు టోపీ కొనేటప్పుడు రకం పేరు అడిగి తీసుకోవాలి. జింకు పూత రేకు ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు.

వాన నేరుగా తగిలే పైభాగం కన్నా, వాన తగలని అడుగుభాగంలోనే తుప్పు ముదురుతుంది, ఎందుకంటే అక్కడ చేరిన ఉప్పును కడిగే నీరు లేదు. కింద నిలబడి చూస్తే టోపీ నిగనిగలాడుతూనే ఉంటుంది; పైకెక్కి పట్టుకుని కదిపితే బిగించిన స్క్రూ తల పొడిపొడిగా రాలి చేతిలోకి వస్తుంది. మంచి టోపీకి మామూలు ఇనుప స్క్రూలు వాడితే, ఉప్పునీటి చెమ్మలో రెండు భిన్న లోహాలు కలిసినందువల్ల ముందుగా బలహీన లోహం కరిగిపోతుంది. గాలివానకు టోపీ ఎగిరిపోయిన చాలా ఇళ్లలో అసలు లోపం ఈ స్క్రూలలోనే ఉంటుంది.

అపోహ: ఇటుకల మీద తెల్లటి పొర వస్తే రంగు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ తెలుపు ఇటుక లోపలి నుంచి నీటితో పాటు వచ్చి, నీరు ఆరిపోయాక మిగిలిన ఉప్పు. ఉప్పు ఉపరితలం మీద గట్టిపడినంత కాలం నష్టం తక్కువే. ఇటుక లోపలే స్ఫటికాలు కట్టినప్పుడు ఆ ఒత్తిడికి ఇటుక ముఖం పొరలు పొరలుగా ఊడిపోతుంది. వేలితో రుద్దినప్పుడు ఎర్రటి పొడి అంటుకుంటే ఆ దశ మొదలైనట్టే. రంగు వేస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి పరిస్థితి మరింత విషమిస్తుంది. ముందుగా పైనున్న సిమెంటు కప్పులోని పగుళ్లను, పైకప్పుకూ గొట్టానికీ మధ్యనున్న రేకు పట్టీని బాగు చేయించి, ఇటుకలు పూర్తిగా ఆరాక, నీటిని లోపలికి రానివ్వక, ఆవిరిని బయటికి పోనిచ్చే సిలేన్-సైలోక్సేన్ రకం పూత వేయించాలి. సున్నంతో కట్టిన పాత గొట్టం సందులను గట్టి సిమెంటుతో పూడ్చకూడదు. అలా చేస్తే పగిలేది సిమెంటు కాదు, ఇటుక.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చిన కర్ర ఎండితే మంచి వంటచెరకే.

వాస్తవం: ఎండినా అందులోని ఉప్పు ఎక్కడికీ పోదు. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడి, తేమతో కలిసి ఆమ్లమై పొయ్యి ఇనుమును, గొట్టం లోపల తొడిగిన స్టీలు గొట్టాన్ని (లైనర్‌ను) తినేస్తుంది. విషపూరితమైన డయాక్సిన్లు కూడా ఏర్పడతాయి. ఉప్పు లేని కర్రనైనా తేమ 20 శాతం కన్నా తగ్గాకే వాడాలి. పచ్చికర్ర పొగ చల్లారి గొట్టంలో తారులాంటి క్రియోసోట్‌గా పేరుకుంటుంది. అది అంటుకుంటే వేడి 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు.

అపోహ: మసి పోగొట్టేందుకని అమ్మే, రసాయనాలు కలిపిన దుంగను పొయ్యిలో కాల్చితే మనిషిని పిలవనక్కర్లేదు.

వాస్తవం: అది క్రియోసోట్‌ను పెళుసుగా మారుస్తుంది, అంతే. దానిని గీకి తీయవలసింది బ్రష్షే.

అపోహ: గ్యాసు పొయ్యికి పొగ రాదు కాబట్టి గొట్టం గురించి ఆలోచించనక్కర్లేదు.

వాస్తవం: 1 కిలో మీథేన్ కాలితే సుమారు 2.25 కిలోల నీరు ఆవిరిగా పుడుతుంది. ఆ తేమ పాత మసిని, ఉప్పును నానబెడుతుంది. గూడు అడ్డుపడితే వాసన గాని రంగు గాని లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి తిరిగి వస్తుంది. కర్రకైనా గ్యాసుకైనా ఆ వాయువును పసిగట్టే అలారం ఇంట్లో ఉండి తీరాలి.

అపోహ: పనివారందరూ చేసేది ఒకటే కాబట్టి తక్కువ అడిగినవారిని పిలిస్తే చాలు.

వాస్తవం: ధర కన్నా ముందు ఆ ధరలో ఏమేం చేస్తారో అడగండి. పైకప్పు ఎక్కి టోపీని, స్క్రూలను, సిమెంటు కప్పును చూస్తారా, లోపలికి కెమెరా దింపుతారా, ఫొటోలతో రాతపూర్వక నివేదిక ఇస్తారా, ప్రమాద బీమా ఉందా అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పేవారిని ఎంచుకోండి. నేల మీద గుడ్డ పరచి, మసిని వాక్యూమ్‌తో పీల్చి, తామూ ముసుగు ధరించేవారే పని తెలిసినవారు. మసికీ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని ఇంగ్లండు శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే పొగగొట్టాల పనివారిలో గుర్తించి రాశాడు. వచ్చీరాగానే లైనర్ మొత్తం మార్చాలని భయపెడితే, లోపం ఎక్కడుందో ఫొటోలో చూపమనండి, మరొకరి అభిప్రాయం కూడా తీసుకోండి. పనివారు వచ్చే ముందురోజు నుంచే పొయ్యి ఆర్పి ఉంచండి. గాలి ఫలానా దిక్కు నుంచి వీచినప్పుడే పొగ గదిలోకి తన్నుతుంటే ఆ దిక్కు గుర్తుంచుకుని చెప్పండి; అడ్డు లోపల ఉందో, గొట్టం ఎత్తు చాలడం లేదో తేల్చడానికి ఆ ఒక్క వివరం మాకు ఎంతో ఉపయోగపడుతుంది.