చెరువా, మబ్బు నీడా?

ఆగస్టు నెలలో పొద్దున పదకొండు కావస్తుండగా యూరప్ వారి సెంటినల్-2 ఉపగ్రహం నల్గొండ మీదుగా పోతుంది. ఆ చిత్రాన్ని తెర మీద పెద్దది చేసి చూస్తే పత్తి చెలకల మధ్య నల్లటి మచ్చలు ఎక్కడపడితే అక్కడ కనిపిస్తాయి. కొన్ని చెరువులు, కొన్ని కుంటలు, కొన్ని మబ్బు నీడలు. తెల్లటి మబ్బును ఎవరైనా గుర్తుపడతారు. ఏ నలుపు నీళ్లది, ఏ నలుపు నీడది అన్న దగ్గరే పని చిక్కుబడుతుంది. గొలుసుకట్టు చెరువుల నేల కాబట్టి దక్షిణ తెలంగాణలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. పైగా కుంటలు నిండే రోజులూ, మొగులు పట్టి ఉండే రోజులూ ఇక్కడ ఒకటే.

పంటల, నీళ్ల పటం కోసం చిత్రంలోంచి మబ్బులు తీసేయడం అని ఒక్క మాటలో అంటాం గానీ అందులో మూడు వేరువేరు పనులున్నాయి. పలుచటి మబ్బు పొరలోంచి నేల కాంతి కొంత పైకి వస్తూనే ఉంటుంది. పొర కలిపిన తెలుపెంతో లెక్కగట్టి తీసేస్తే నేల బయటపడుతుంది. నీడలో కాంతి తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు, దాన్ని పెంచుకోవచ్చు. దట్టమైన మబ్బు కింది నేల నుంచి మాత్రం ఉపగ్రహానికి ఏమీ చేరదు. అక్కడ తీసేయడమనేది లేదు, ఇంకో రోజు చిత్రంలోంచి ముక్క తెచ్చి అతికించడమే. మూడూ ఒక్క బటన్‌తో అయిపోతాయని చెప్పే సాఫ్ట్‌వేర్‌ను కాస్త అనుమానంగానే చూడాలి.

ఏ పని చేయాలన్నా ముందు మబ్బు ఎక్కడుందో గీత గీయాలి. దీన్నే మాస్క్ అంటారు. నీలం బ్యాండులో, అంటే నీలం కాంతిని మాత్రమే కొలిచిన చిత్రంలో, బాగా తెల్లగా ఉన్నదల్లా మబ్బే అనుకుంటే గ్రానైట్ క్వారీలు, రేకుల షెడ్లు, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు సున్నపురాయి గనులు, ఎండిన చెరువు శిఖంలోని ఇసుక కూడా మబ్బుల లెక్కలోకి వచ్చేస్తాయి. అమెరికా వారి ల్యాండ్‌శాట్-8 ఉపగ్రహంలో ఉష్ణాన్ని కొలిచే బ్యాండ్లున్నాయి కాబట్టి అక్కడ తేల్చడం తేలిక. ఎండలో క్వారీ కాగుతుంటుంది, మబ్బు పైభాగం చల్లగా ఉంటుంది. సెంటినల్-2లో 13 బ్యాండ్లున్నా ఉష్ణం బ్యాండు లేదు. దానికి వేరే ఉపాయం ఉంది. దాని బ్యాండ్లన్నీ ఒకే క్షణంలో, ఒకే కోణంలో చూడవు. నేల మీది రేకుల షెడ్డు అన్ని బ్యాండ్లలోనూ ఒకే చోట పడుతుంది. ఎత్తున ఉన్న మబ్బు మాత్రం బ్యాండుకూ బ్యాండుకూ కాస్త పక్కకు జరుగుతుంది. మబ్బు అంచుల్లో సన్నగా కనిపించే రంగుల చారలు దీనివల్లే. కొందరు వాటిని చిత్రంలో లోపం అనుకుంటారు. నిజానికి మబ్బునూ షెడ్డునూ విడదీసే మంచి ఆనవాలు అదే.

బాగా ఎత్తున పరుచుకునే సిర్రస్ మబ్బుల కోసం 1.375 మైక్రాన్ల దగ్గర ప్రత్యేకంగా ఒక బ్యాండు పెట్టారు. ఆ తరంగదైర్ఘ్యంలో గాలిలోని నీటి ఆవిరి కాంతిని మింగేస్తుంది. నేల నుంచి వచ్చేది పైకి చేరదు, ఆవిరి పొరకు పైన ఉన్నదే కనిపిస్తుంది. మామూలు చిత్రంలో కంటికి ఆనని పల్చటి పొర కూడా ఇందులో దూదిపింజల్లా తేలుతుంది. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని లిస్-3 కెమెరాకు ఈ సౌకర్యాలేవీ లేవు. 23.5 మీటర్ల పిక్సెళ్లతో (చిత్రంలోని ఒక్కో చుక్క నేల మీద అంత మేర) ఆకుపచ్చ, ఎరుపు, కంటికి కనిపించని సమీప పరారుణ, హ్రస్వ పరారుణ అనే నాలుగు బ్యాండ్లే ఉంటాయి, నీలం కూడా లేదు. ఆ చిత్రాల్లో మాస్క్‌ను చేత్తో సరిచూసుకోక తప్పదు.

ఇక నీడ. మబ్బు ఎక్కడుందో తెలిస్తే దాని నీడ ఏ దిక్కున పడుతుందో చిత్రంతో పాటు వచ్చే వివరాల్లోనే ఉంటుంది. సూర్యుడి ఎత్తు, దిక్కు రెండూ రాసి ఉంటాయి. ఆగస్టు మధ్యలో ఆ వేళకు నల్గొండలో సూర్యుడు దాదాపు 68 డిగ్రీల ఎత్తున, తూర్పు దిక్కున ఉంటాడు. 1500 మీటర్ల ఎత్తున్న మబ్బు నీడ సుమారు 600 మీటర్లు పడమరకు పడుతుంది. 10 మీటర్ల పిక్సెళ్లలో అది 60 పిక్సెళ్లు. మబ్బు 6 కిలోమీటర్ల ఎత్తున ఉంటే నీడ 2.4 కిలోమీటర్ల దూరం పోతుంది. డిసెంబరు చివర్లో సూర్యుడు 44 డిగ్రీలకు దిగుతాడు. అప్పుడు 1500 మీటర్ల మబ్బు నీడ కూడా ఒకటిన్నర కిలోమీటరు అవతల, ఉత్తర వాయవ్యంగా పడుతుంది.

దిక్కు తెలుసు, ఎత్తు తెలియదు. అందుకే మాస్క్‌లోని ఒక్కో మబ్బు ఆకారాన్ని నీడ పడే దిక్కున 200 మీటర్ల ఎత్తు నుంచి 12 కిలోమీటర్ల దాకా ఒక్కో మెట్టూ జరుపుతూ పోతారు. సమీప పరారుణ బ్యాండులో ఏ నల్లమచ్చ మీద ఆ ఆకారం బాగా కుదురుకుంటే అదే నీడ. ల్యాండ్‌శాట్ కోసం 2012లో వచ్చిన ఎఫ్‌మాస్క్ పద్ధతి పనిచేసేది ఇలాగే. అది మబ్బు చల్లదనాన్ని బట్టి ఎత్తును కూడా కొంత అంచనా వేస్తుంది. ఇందులో తప్పు ఎప్పుడు జరుగుతుందంటే, ఆ దిక్కునే, అసలు నీడకు కాక ఇంకో చోట నిజంగానే ఒక కుంట ఉన్నప్పుడు. ఆకారం కుంట మీద ఇంకా బాగా కుదిరితే ప్రోగ్రాం దాన్నే నీడ అంటుంది. అసలు నీడ మిగిలిపోతుంది, కుంట మాయమవుతుంది.

నీళ్లను పట్టే సూచికలు ఉన్నాయి కదా అనొచ్చు. ఆకుపచ్చ బ్యాండునూ హ్రస్వ పరారుణాన్నీ పోల్చే సూచిక నీళ్లకు బాగా పనిచేస్తుంది, నీడల దగ్గర తడబడుతుంది. నీడలో ఉన్న నేలకు నేరుగా ఎండ తగలదు, ఆకాశం వెలుగు మాత్రం అందుతుంది. ఆకాశం నీలంగా ఉండడానికి ఏది కారణమో ఇక్కడా అదే కారణం. గాలి అణువులు కాంతిని చెదరగొట్టడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 490 నానోమీటర్ల నీలం 842 నానోమీటర్ల సమీప పరారుణం కంటే దాదాపు 9 రెట్లు ఎక్కువగా చెదురుతుంది. కాబట్టి నీడలో నీలం, ఆకుపచ్చ కొంత నిలబడతాయి, పరారుణం బాగా పడిపోతుంది. నీళ్లు కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తాయి, అందుకే సూచిక నీడను నీళ్లంటుంది.

ఒక పత్తి చేను ఎండలో ఎరుపు 500, సమీప పరారుణం 3200 చూపిస్తోందనుకుందాం. నీడలో అవి 280, 1400 అయ్యాయనుకుందాం. పచ్చదనం సూచిక, అంటే ఆ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చేది, ఎండలో 0.73, నీడలో 0.67. వెలుగు సగానికి పైగా పోయినా పైరు ఆనవాలు పోలేదు. అదే చెరువు నీళ్లు ఎరుపులో 700, పరారుణంలో 600 చూపితే సూచిక సున్నాకు దిగువకు పోతుంది. పచ్చటి పైరు మీద నీడను ఇలా విడదీయవచ్చు. అసలు కష్టం రెండు చోట్ల వస్తుంది. ఒకటి, వాన తడికి నల్లబడ్డ నల్లరేగడి. రెండోది, సాగర్ ఆయకట్టులో, మూసీ కింద అప్పుడే నాట్లు పడ్డ మడి. అందులో నీళ్లే ఎక్కువ కనిపిస్తాయి, పైరు ఇంకా లేవదు. దాని మీద నీడ కూడా పడితే ఒక్క చిత్రం చూసి తేల్చే దారి లేదు.

చెరువు కదలదు, నీడ కదులుతుంది. ఐదు రోజుల తర్వాతి చిత్రంలోనూ అదే చోట అదే ఆకారంలో నలుపు ఉంటే అది దాదాపుగా నీడ కాదు. ఎండాకాలం చిత్రాలతో మాత్రం పోల్చకూడదు, ఏప్రిల్‌లో ఎండిన కుంట ఆగస్టులో నిండొచ్చు. ఇక్కడ రాడార్ అక్కరకొస్తుంది. సెంటినల్-1, మన ఇఓఎస్-04 అనే రాడార్ ఉపగ్రహాలు సీ బ్యాండు అనే మైక్రోవేవ్ తరంగాలతో చూస్తాయి. సెంటినల్-1 తరంగం పొడవు సుమారు 5.6 సెంటీమీటర్లు. మబ్బు బిందువులు దానికి అడ్డే కావు, మబ్బు నీడ అన్నదే రాడార్‌కు లేదు. నిశ్చలంగా ఉన్న నీళ్లు కిరణాన్ని అద్దంలా అవతలికి జార్చేస్తాయి కాబట్టి నల్లగా కనిపిస్తాయి. ఒక్క జాగ్రత్త, గాలికి అలలు లేస్తే అదే చెరువు తెల్లబడుతుంది.

మాస్క్ తేలాక దాన్ని నాలుగువైపులా ఉబ్బించాలి. మబ్బు అంచు కత్తితో కోసినట్టు ఉండదు. 100 నుంచి 200 మీటర్ల దాకా పలచబడుతూ పోతుంది. ఆ అంచును వదిలేస్తే అతికించిన ముక్క చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. సెంటినల్-2 చిత్రంతో వచ్చే వర్గీకరణ పొరలో ఒక్కో పిక్సెల్‌కు ఒక అంకె ఉంటుంది: 3 అంటే నీడ, 8, 9 అంటే మబ్బు, 10 అంటే పలుచటి సిర్రస్. దాన్ని వాడేవారు కూడా ఈ ఉబ్బింపును వదలకూడదు.

పలుచటి పొరను తీయడానికి పాత పద్ధతి ఒకటుంది. చిత్రం అంటే వెలుగు, నేల గుణం రెండింటి గుణకారం అనుకుని లాగరిథం తీస్తే అది కూడిక అవుతుంది. ఫోరియర్ రూపంలోకి, అంటే మెల్లగా మారేదీ గబగబా మారేదీ విడివిడిగా తేలే రూపంలోకి మార్చి, మెల్లగా మారే భాగాన్ని తగ్గించి వెనక్కి తెస్తారు. మబ్బు పొర కిలోమీటర్ల మేర మెల్లగా మారుతుంది, పొలాలు గబగబా మారతాయి అన్నది దీని వెనుక ఊహ. ఊహ బాగానే ఉంది గానీ నాగార్జునసాగర్ జలాశయం కూడా కిలోమీటర్ల మేర ఒకే తీరుగా ఉంటుంది. ఫిల్టర్ దాన్నీ మబ్బుతో జమకట్టి బూడిదరంగు చేస్తుంది. నల్లమల అడవికీ అదే గతి. అందుకని ఫిల్టర్‌ను చిత్రమంతా కాక మాస్క్ లోపలే వాడాలి.

దీనికంటే కుదురైనది నీలం, ఎరుపు బ్యాండ్లను గ్రాఫు గీసే పద్ధతి. తేట ఆకాశం కింది పిక్సెళ్లు దాదాపు ఒక గీత మీద పడతాయి. పొర ఉన్నచోట నీలం ఎక్కువ పెరిగి పిక్సెల్ గీతకు దూరం జరుగుతుంది. ఆ దూరమే పొర మందం. ఒక్కో మందానికి అన్నిటికంటే నల్లటి పిక్సెళ్లు ఎంత తెల్లబడ్డాయో చూసి, అంత తీసేస్తే సరిపోతుంది. పాలమూరు ఎర్ర చెలకల్లో మాత్రం ఇది తడబడుతుంది. ఆ నేలకు ఎరుపు సహజంగానే ఎక్కువ కాబట్టి గీతకు అటువైపు పడి, పొర ఉన్నా లేనట్టు చూపిస్తుంది. చెలకకు వేరే గీత గీసుకోవాలి.

నీడను వెలిగించే లెక్క చిన్నదే. నీడలో పత్తి సగటు 1400, చెదురు (అంకెలు సగటుకు అటూఇటూ ఎంత పోతాయో అది) 150. పక్కనే ఎండలో పత్తి సగటు 3000, చెదురు 300 అనుకుంటే, నీడలో 1550 ఉన్న పిక్సెల్ 3300 అవుతుంది. సగటు కంటే 150 ఎక్కువున్నది 300 ఎక్కువైంది. గుర్తుంచుకోవాల్సింది, దాంతో పాటు అందులోని రొద, అంటే కొలతలోని పనికిరాని ఒడుదొడుకు కూడా రెండింతలైంది. పోల్చే ఎండ భాగం నీడకు 300 నుంచి 500 మీటర్ల లోపు ఉండాలి, అదే పైరు కావాలి. చెలక మీది నీడను వరి మడి సగటుతో వెలిగిస్తే ఎర్రమట్టికి పచ్చరంగు ఎక్కుతుంది. 2022 జనవరి 25 తర్వాతి సెంటినల్-2 చిత్రాల్లో అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. పాత చిత్రంతో కలిపేటప్పుడు దాన్ని తీసేయడం మరిస్తే మొదట దెబ్బతినేది నీడలూ నీళ్లే. 600 ఉండాల్సిన చెరువు 1600 అవుతుంది.

డ్రోన్ పటాలకు మబ్బు గొడవ లేదు. 120 మీటర్ల ఎత్తులో ఎగిరేదానికి మబ్బు పైనే ఉంటుంది, నీడ మాత్రం కిందే. గాలి సెకనుకు 10 మీటర్లయితే నీడ నిమిషానికి 600 మీటర్లు పోతుంది. ఒక వరుస ఎండలో, పక్క వరుస నీడలో పడి పటం చారల దుప్పటిలా వస్తుంది. నీడ అంచు కూడా గీతలా ఉండదు. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. 1500 మీటర్ల మబ్బుకు ఆ మసక అంచు నేల మీద సుమారు 15 మీటర్లు. సెంటినల్-2కు అది ఒకటి రెండు పిక్సెళ్లు, 3 సెంటీమీటర్ల డ్రోన్ చిత్రంలో 500 పిక్సెళ్లు. నీడకు ఒకే గుణకం పెడితే అంచు వెంట తెల్లటి పట్టీ తేలుతుంది. అందుకని గుణకాన్ని ఆ 500 పిక్సెళ్ల పొడవునా మెల్లగా దించాలి.

డ్రోన్‌లో ఆటో ఎక్స్‌పోజర్, ఆటో వైట్ బ్యాలెన్స్ ఆపేయాలి. లేకపోతే నీడలోకి పోగానే కెమెరా తనంతట తానే వెలుగు పెంచుతుంది, ఎంత పెంచిందో లెక్క చిక్కదు. జేపెగ్ కాకుండా, కెమెరా కొలిచింది కొలిచినట్టే ఉంచే రా ఫైల్ తీయాలి. 8 బిట్ల జేపెగ్‌లో నీడ 20 నుంచి 45 మధ్య ఉంటే మొత్తం 26 మెట్లే. వాటిని మూడింతలు సాగదీస్తే పొలం మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. ఫొటోలు 75 నుంచి 80 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా తీస్తే ఒకే గట్టు, ఒకే చెట్టు చాలా ఫొటోల్లో వస్తుంది. వాటిని పోల్చి ఏ ఫొటోకు ఎంత గుణకమో తేల్చవచ్చు.

దట్టమైన మబ్బుకు తిరిగి వద్దాం. ఒక చోట ఏ రోజైనా మబ్బు ఉండే అవకాశం 80 శాతం, రోజుకూ రోజుకూ పొంతన లేదు అనుకుంటే, నెలలో ఆరు చిత్రాల్లో ఒక్కటైనా తేటగా దొరికే అవకాశం 74 శాతం. 90 శాతం మబ్బైతే 47. నిజానికి ముసురు పట్టిన వారమంతా మబ్బే కాబట్టి ఇంకా తక్కువే. తేట రోజు దొరికినా అది 15 రోజుల అవతలిదైతే పత్తి ఈలోగా కమ్ముకుంటుంది, అతికించిన ముక్క వేరే వయసు పైరులా కనిపిస్తుంది. అంచుల్లో రంగులు కలిపి అతుకు కనిపించకుండా చేయడం సులువే. పంట నష్టం లెక్కకు ఆ అందం పనికిరాదు. రాడార్ చూసి రంగు చిత్రాన్ని ఊహించే డీప్ లెర్నింగ్ పద్ధతుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అవి ఖాళీలో నమ్మదగ్గ గట్లు, నమ్మదగ్గ కుంటలు గీసిపెడతాయి.

అందుకే పటంతో పాటు, ఒక్కో పిక్సెల్ ఎలా వచ్చిందో చెప్పే ఇంకో పొర తయారుచేయాలి. అందులో 0 అంటే నేరుగా కొలిచింది, 1 అంటే పలుచటి మబ్బు పొర తీసింది, 2 అంటే నీడ వెలిగించింది, 3 అంటే వేరే తేదీ నుంచి తెచ్చింది, తేదీతో సహా. ఎకరాలు లెక్కపెట్టేటప్పుడు 3 ఉన్న పిక్సెళ్లను విడిగా కూడాలి. ఒక మండలంలో అవి నాలుగో వంతు దాటితే ఆ చిత్రాన్ని పక్కనపెట్టి, రాడార్‌తో నీళ్లు, వరి వరకు తేల్చుకుని, పత్తి కోసం తర్వాతి తేట రోజు దాకా ఆగడమే మేలు.