ఆట పూర్తిచేయలేని సమీక్షకుడు: ఒక పాత వివాదానికి నేపథ్యం

జగదాంబ థియేటర్లో కూర్చున్న ప్రేక్షకుడికి కథ అర్థమైనా కాకపోయినా, మధ్యలో కునుకు పట్టినా, సినిమా తన దారిన తాను నడిచి ముగుస్తుంది. నవలలో కొరుకుడుపడని పేజీ ఎదురైతే దాన్ని దాటేసి తర్వాతి పేజీకి వెళ్ళవచ్చు. వీడియో గేమ్‌తో ఆ వెసులుబాటు లేదు. ఆడేవారి వేళ్ళు అది కోరిన క్షణంలో, కోరినంత వేగంగా కదలకపోతే, పూర్తి ధర చెల్లించి కొనుక్కున్నవారికి కూడా అది మిగతా ఆటను చూడనివ్వదు. సినిమా సమీక్షకుడికి నటన వచ్చి ఉండాలని ఎవరూ పట్టుబట్టరు. గేమ్ సమీక్షకుడికి మాత్రం ఆట గట్టిగా వచ్చి తీరాలన్న వాదన దశాబ్దాలుగా నిలిచి ఉందంటే అందుకు మూలం ఇక్కడే ఉంది.

చిన్నతనం నుంచి ఆడుతూ వచ్చి, సగటు ఆటగాళ్ళ వరసలోనే ఉండి, విశాఖపట్నం నుంచి తెలుగులో ఆటల గురించి రాసే నాకు ఈ వాదన తరచూ ఎదురవుతుంది. అందులో కొంత న్యాయం ఉంది. అయితే సమీక్షకుడు ఎంత బాగా ఆడగలడన్న దానికంటే, ఎంతవరకు ఆడాడో, ఏ కష్టస్థాయిలో ఆడాడో, ఎవరి సాయం తీసుకున్నాడో పాఠకుడికి చెప్పాడా లేదా అన్నదే ముఖ్యమని నా నమ్మకం. ఈ సంగతి ఎందుకు మరుగున పడిందో తెలియాలంటే, నాణెం వేస్తే నడిచే యంత్రాల కాలానికి వెళ్ళాలి.

1972లో అటారీ సంస్థ తెచ్చిన పాంగ్ అనే ఆటతో ఈ యంత్రాల, అంటే ఆర్కేడ్ ఆటల వ్యాపారం నిలదొక్కుకుంది. 1978లో జపాన్‌లోని టైటో సంస్థకు తొమోహిరో నిషికాదో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువుల సంఖ్య తగ్గేకొద్దీ మిగిలినవారి వేగం పెరుగుతుంది; ఒక గుంపును తుడిచిపెడితే మరో గుంపు దిగుతుంది. అందులో గెలుపు అన్నదే లేదు, ఓటమి ఎంత ఆలస్యమవుతుందన్నదే లెక్క. యంత్రం యజమానికి ఆదాయం రావాలంటే ఆట త్వరగా ముగిసి మరో నాణెం పడాలి, అలాగని ఆడేవాడు విసుగెత్తి వెళ్ళిపోకూడదు. ఆటల్లోని కష్టాన్ని ఇవాళ రూపకర్త కళాదృష్టిగా కీర్తించేవారు దానికి తొలిరూపం ఇచ్చిన ఈ వ్యాపార లెక్కను గుర్తుంచుకోవాలి. తెర మీద నిలిచే అత్యధిక స్కోరు ఎవరు బాగా ఆడతారో అక్కడికి వచ్చినవారందరికీ చాటేది. ఒకే నాణెంతో ఎక్కువసేపు నిలబడినవాడే ఆటను ఎక్కువ చూసినవాడు కాబట్టి, దాని గురించి చెప్పే అధికారం కూడా అతనికే దక్కింది.

పత్రికలు ఆ అధికారాన్ని అలాగే అందిపుచ్చుకున్నాయి. 1981లో అమెరికాలో ఎలక్ట్రానిక్ గేమ్స్, బ్రిటన్‌లో కంప్యూటర్ అండ్ వీడియో గేమ్స్ మొదలయ్యాయి. 1985లో బ్రిటన్‌లోనే వచ్చిన జాప్! 64 పత్రికలో సమీక్షకుల ముఖాలను బొమ్మలుగా గీసి, పక్కనే ఒక్కొక్కరి అభిప్రాయాన్ని వేసి, చివర శాతాల్లో మార్కులు ఇచ్చేవారు. ఆ సమీక్షకుల్లో ఒకరైన జూలియన్ రిగ్నాల్ ఆర్కేడ్ పోటీల్లో విజేతగా పేరు తెచ్చుకున్న తర్వాతే ఆ వృత్తిలోకి వచ్చారు. రాయగలిగినవాడికి ఆట నేర్పడం కన్నా ఆడగలిగినవాడితో రాయించడం సంపాదకులకు సులువుగా తోచి ఉంటుంది. ఆ రచనల్లో ఉత్సాహానికి లోటు లేదు. వాటిని చదివి పెరిగిన పాఠకులు మాత్రం సమీక్షకుడంటే తమకన్నా బాగా ఆడేవాడేనని నిర్ధారించుకున్నారు.

జపాన్‌లో మరో పద్ధతి వచ్చింది. 1986లో మొదలైన ఫామిత్సూ పత్రిక ప్రతి ఆటను నలుగురి చేత ఆడించి, ఒక్కొక్కరి చేత పదికి మార్కులు వేయించి, మొత్తం నలభైకి చూపే విధానాన్ని పాటించింది. 1998లో ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరినా ఆఫ్ టైమ్‌కు గాని తొలిసారిగా 40కి 40 దక్కలేదు. ఒకే ఆట నలుగురి చేతుల్లో నాలుగు రకాలుగా ఉండవచ్చునని ఆ నాలుగు అంకెలు ఒప్పుకుంటాయి. ఈ పద్ధతిని మిగతా ప్రపంచం ఇంతకన్నా శ్రద్ధగా చూసి ఉండవలసింది.

ఆటలు తయారుచేసేవారిలోనూ సగటు ఆటగాళ్ళు ఉంటారన్నదానికి 1986 నాటిదే ఒక సాక్ష్యం ఉంది. ఆర్కేడ్ ఆట గ్రేడియస్‌ను ఇళ్ళలోని యంత్రాలకు మలిచే పనిలో ఉన్న కొనామీ ఉద్యోగి కజుహిసా హషిమోతో, పరీక్షించేటప్పుడు ఆ ఆటను తాను దాటలేకపోతున్నానని గ్రహించి, పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ తర్వాత రెండు బటన్లు నొక్కితే ఆయుధాలన్నీ వచ్చేలా ఒక దారి పెట్టుకున్నారు. అమ్మకానికి వెళ్ళిన ఆట కాపీల్లోనూ అది మిగిలిపోయింది. ఆటను లోపలి నుంచి ఎరిగిన మనిషికే అది అంత కష్టమైతే, దానిపై అభిప్రాయం చెప్పడానికి చేతివేగమే కొలబద్ద అనడం ఏ విధంగా సబబు?

ఆ మీటల వరస కాంట్రా అనే ఆట ద్వారా విశాఖపట్నానికీ చేరింది. 1990లలో ఇక్కడ నింటెండో యంత్రాల కన్నా వాటికి నకళ్ళుగా వచ్చిన చౌక యంత్రాలే ఎక్కువ కనిపించేవి. కాలనీల్లోని చిన్న వీడియో గేమ్ షాపుల్లో ఒక పాత టీవీ, రెండు రిమోట్లు, గంటకు ఇంత అని రేటు, వెనుక తమ వంతు కోసం నిలబడిన పిల్లలు. క్యాసెట్ తీసి, అడుగున ఉన్న లోహపు పళ్ళ మీద గాలి ఊది, మళ్ళీ పెట్టి స్విచ్ వేసే పని షాపు యజమానిది. ఒక లైఫ్ పోగానే రిమోట్ పక్కవాడికి ఇవ్వాలన్నది మా నియమం. అలా పెరిగినవారికి చేతులతో ఆడిన కాలం కన్నా కళ్ళతో చూసిన కాలమే ఎక్కువ. సాధన చేయడానికి డబ్బు కావాలి, అది మా దగ్గర తక్కువ. చూడటానికి ఏమీ ఇవ్వనక్కర్లేదు. కాంట్రాలో ముప్ఫై లైఫ్‌లు వచ్చే ఆ మీటల వరసను ఏ పత్రికా మాకు చెప్పలేదు, అది నోటి మాటగానే వచ్చింది.

2000 తర్వాత ద్వారకానగర్, మద్దిలపాలెం, గాజువాకల్లోని నెట్ సెంటర్లకు ఇదే అలవాటు వచ్చింది. ప్రాజెక్ట్ ఐజీఐలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు కాబట్టి, చివరి గేటు దగ్గర తూటా తగిలితే మొదటి కంచె దగ్గరి నుంచి మళ్ళీ నడవాలి. గంట పూర్తయితే లేచిపోవాలి. జీటీఏ వైస్ సిటీకి మానిటర్ పక్కన, టైప్ చేస్తే ఆటలో సాయం అందించే చీట్ కోడ్ల కాగితం అంటించి ఉండేది, ఆరోగ్యానికి ఆస్పిరిన్, ట్యాంకుకు ప్యాంజర్. అందులో బొమ్మ హెలికాప్టర్‌తో కడుతున్న భవనంలోకి బాంబులు చేరవేసే మిషన్ ఉంటుంది. గడియారం తిరుగుతూ ఉండగా అంతస్తుల మధ్య ఇరుకు మెట్ల దారిలో ఆ హెలికాప్టర్‌ను గోడకు తగలకుండా నడపడం చాలామంది వల్ల అయ్యేది కాదు. అది దాటించగలిగిన కుర్రాడిని పక్క సీటు నుంచి పిలిపించుకుని, అతని చేత ఆ ఒక్క మిషన్ ఆడించుకుని, మిగతాది తామే కొనసాగించేవారు. ఆ తర్వాత వైస్ సిటీ గురించి ఎవరు ఏం మాట్లాడినా, ఆ మిషన్ నువ్వు ఆడలేదు కదా అని నోరు మూయించినవారిని నేను చూడలేదు. ఈ నగరంలో ఆట అన్నది పలువురి చేతుల మీదుగా పూర్తయిన పని. ఒంటరిగా, సాయం లేకుండా, మొదటి నుంచి చివరిదాకా ఆడితేనే ఆడినట్టు అన్న నియమం తర్వాత ఎక్కడి నుంచో వచ్చి చేరిందే.

ఆటలను అద్దెకిచ్చే వ్యాపారం ఉన్న దేశాల్లో ఆటలోని కష్టానికి మరో తిరకాసు చరిత్ర ఉంది. 1994లో ది లయన్ కింగ్ ఆటలో తొలి దశల్లో ఒకదాన్ని కావాలని కష్టతరం చేశామని, అద్దెకు తీసుకున్నవారు రెండు మూడు రోజుల్లో పూర్తిచేసి కొనడం మానేస్తారన్న భయమే అందుకు కారణమని తయారీదారుల్లో ఒకరైన లూయిస్ క్యాజిల్ ఆ తర్వాత వివరించారు. అంటే ఒక తరం పిల్లలు తమ చేతకానితనం అనుకున్నది నిజానికి అమ్మకాల లెక్క. ఇటువంటి చోట తడబడిన సమీక్షకుడు ఆ తడబాటును దాచకుండా రాయడం కొనుగోలుదారుకు చేసే మేలు.

2001లో మెటాక్రిటిక్ అనే వెబ్‌సైట్ వచ్చి సమీక్షల మార్కులన్నిటినీ కలిపి ఒక సగటు అంకెగా మార్చింది. 2010లో విడుదలైన ఫాల్అవుట్: న్యూ వేగాస్‌కు ఆ అంకె 85 వస్తే రూపొందించిన ఆబ్సిడియన్ సంస్థకు బోనస్ అందేదని, వచ్చింది 84 అని ఆ సంస్థకు చెందిన క్రిస్ అవలోన్ 2012లో వెల్లడించారు. అంకెకు డబ్బు ముడిపడ్డాక, ఆ అంకె వేసిన వ్యక్తికి ఆట వచ్చా రాదా అన్న ప్రశ్నకు పదును పెరగడం సహజమే.

ఈ ప్రశ్న అడిగేవారి వైపు ఉన్న బలమైన ఉదాహరణను పక్కకు నెట్టడం న్యాయం కాదు. 2006లో క్యాప్‌కామ్ విడుదల చేసిన గాడ్ హ్యాండ్ అనే ఆటకు ఐజీఎన్ వెబ్‌సైట్ పదికి 3 మార్కులు ఇచ్చింది. ఆ తర్వాతి కాలంలో పోరాట ఆటల అభిమానులు దాన్ని తమకు అత్యంత ఇష్టమైనవాటిలో ఒకటిగా చెప్పుకున్నారు. ఓపికతో లోతుకు దిగినవారికి గాని దాని రుచి తెలియదని వారి మాట. నా వల్ల కాలేదు అన్న వాక్యానికీ, ఆట బాగోలేదు అన్న వాక్యానికీ మధ్య గల దూరం సమీక్షకుడికి నిత్యం గుర్తుండాలని ఈ ఉదంతం చెబుతోంది.

ఆ దూరాన్ని కొలవడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే: ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడిపోయామో ఆట మనకు తెలియజేసిందా అని చూడటం. 2019 మార్చిలో వచ్చిన సెకిరోలో గుర్రం మీద వచ్చే గ్యోబు ఒనివా ఎదుట నేను చాలాకాలం ఆగిపోయాను. కత్తి తగిలే క్షణంలో బటన్ నొక్కితే స్పష్టమైన లోహపు శబ్దంతో నిప్పురవ్వలు లేస్తాయి, శత్రువు నిలకడ ఎంత చెదిరిందో చూపే పట్టీ నిండుతుంది. తొందరపడినా ఆలస్యమైనా మన నిలకడే దెబ్బతింటుంది. నేను పడిన ప్రతిసారీ తొందరపడ్డానో ఆలస్యం చేశానో నాకు తెలుస్తూనే ఉంది. కాబట్టి ఆ ఆట నన్ను ఓడించినా దాని పనితనాన్ని మెచ్చుకోవడానికి నాకు అడ్డేమీ లేదు. కెమెరా గోడలో ఇరుక్కుని శత్రువే కనిపించకుండా పోయిన చోట్ల ఓడినప్పుడు తప్పు నాది కాదని కూడా అంతే నిశ్చయంగా చెప్పగలను. ఇంత మాత్రం విడదీయడానికి విజేత చేతులు అక్కర్లేదు, గమనించే కళ్ళు కావాలి.

వివాదం ఇప్పటి రూపం దాల్చింది వీడియోల కాలంలో. అచ్చు పత్రికల రోజుల్లో సమీక్షకుడి చేతులు ఎవరికీ కనిపించేవి కావు, వాక్యాలే కనిపించేవి. 2017 ఆగస్టులో జర్మనీలో జరిగే గేమ్స్‌కామ్ ప్రదర్శనలో వెంచర్‌బీట్ పాత్రికేయుడు డీన్ తకహాషి కప్‌హెడ్ అనే ఆట ఆడిన వీడియో బయటకు వచ్చింది. మొదట్లోనే నేర్పే భాగంలో, ఎగిరి గాల్లో ఉండగానే ముందుకు దూసుకెళ్ళి ఒక స్తంభం దాటవలసిన చోట ఆయన చాలాసేపు తడబడ్డారు. అది ప్రదర్శనలో తీసిన వీడియోయే గాని సమీక్ష కాదు. అయినా పాత్రికేయులందరి అర్హతకూ దాన్నే రుజువుగా చూపినవారు వేలల్లో ఉన్నారు. తొలిసారి కంట్రోలర్ పట్టిన కొనుగోలుదారు సరిగ్గా అక్కడే తడబడతాడేమో, ఆ పాఠం స్పష్టంగా ఉందో లేదో అని ఆలోచించినవారు తక్కువ.

2018 జనవరిలో వచ్చిన సెలెస్ట్‌లో రూపకర్తలే అసిస్ట్ మోడ్ అనే ఏర్పాటు పెట్టారు. అందులో ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా గోడలెక్కవచ్చు, కావాలంటే చావే లేకుండా చేసుకోవచ్చు. కొండ ఎక్కే కథ, కథానాయిక మనసులోని ఆందోళన, సంగీతం అన్నీ యథాతథంగా ఉంటాయి. దాన్ని దాదాపు అందరూ మెచ్చుకున్నారు. ఆ మరుసటి ఏడాది, సెకిరో చివరి శత్రువును ఆట వేగం తగ్గించేలా బయటివారు తయారుచేసిన చేర్పుతో (మాడ్) ఓడించానని పీసీ గేమర్ పత్రిక రచయిత ఒకరు తన వ్యాసంలో బాహాటంగా రాసుకుంటే, ఆటతో పాటు తనను తాను కూడా మోసం చేసుకున్నాడన్న నిందతో పెద్ద దుమారం రేగింది. ఒక ఆటలో తయారీదారు ఇస్తే సౌకర్యం అనిపించుకున్నదే, మరో ఆటలో ఆడేవాడు ఏర్పరచుకుంటే మోసం అయింది. ఆ రచయిత దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. చెప్పినందుకే తిట్లు పడ్డాయి. నిజం చెప్పినవారిని శిక్షించే పాఠకలోకంలో మిగతా సమీక్షకులు ఏం నేర్చుకుంటారో ఊహించడం కష్టం కాదు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా బాధించే ఘట్టం ఇదే.

2020 జూన్‌లో వచ్చిన ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2లో 60కి పైగా సౌలభ్య ఏర్పాట్లు ఉన్నాయి, చూపు సరిగా లేనివారికి శబ్దంతో దారి చూపేవి సహా. ఇన్ని రకాలుగా మార్చుకోగల ఆటకు ఫలానా విధంగా ఆడినవాడే అర్హుడు అనే మాటను అన్వయించడం కష్టం. అయినా తెలుగులో ఆటల వీడియోలు చేసేవారిలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) వంటి పోటీ ఆటల్లో ఆరితేరినవారికే ఆదరణ ఎక్కువ. పోటీ ఆటలకు అది సరైనదే. ఒక తుపాకీ బలం పెరిగిందో తగ్గిందో నేను చెప్పడం కన్నా వారు చెప్పడమే మేలు, అటువంటి ఆటలను, ఇద్దరు తలపడే ఫైటింగ్ ఆటలను నేను సమీక్షకు తీసుకోను. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ ముగించుకుని ఉక్కునగరం చేరాక రాత్రి గంటో గంటన్నరో ఆడుకునే మనిషి అడిగే ప్రశ్న వేరు. కొత్త ప్లేస్టేషన్ 5 ఆటకు వేల రూపాయలు పెడితే అందులో ఎంత భాగం తన వల్ల అవుతుందో అతనికి తెలియాలి. దానికి జవాబు అతనికి దగ్గరగా ఆడేవాడి దగ్గరే దొరుకుతుంది.

అందుకే నా సమీక్షల మొదట్లోనే ఏ కష్టస్థాయి ఎంచుకున్నానో, ఏ సౌలభ్య ఏర్పాట్లు వాడానో, ఎక్కడ ఆగిపోయానో, ఆ చోట ఇంకొకరి చేత ఆడించి ముందుకు వెళ్ళానా అన్నది రాస్తున్నాను. విడుదలకు కొన్ని రోజుల ముందు సమీక్ష కోసం ఆట కాపీ అందే సందర్భాల్లో దీనికి మరింత విలువ ఉంది. అప్పటికి దారి చూపే వీడియోలు ఇంకా రావు, ఎక్కడ ఏం చేయాలో అడగడానికి ఎవరూ ఉండరు. మొదటి రోజు కొనేవారి పరిస్థితీ అదే. వారం తిరిగేసరికి ప్రతి మలుపుకూ ఒక వీడియో వస్తుంది, కష్టమైన చోట్లకు తయారీదారులు అప్‌డేట్‌లో సడలింపులు ఇస్తారు. కాబట్టి ఏ తేదీన, ఏ వెర్షన్‌పై ఆడానో కూడా ఈ మధ్య చేరుస్తున్నాను.