లేబుల్ మీద సున్నా: ట్రాన్స్ ఫ్యాట్ ఎలా తగ్గింది?

డాల్డా పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. 1937లో వచ్చిన ఆ బ్రాండు పేరే వనస్పతికి మారుపేరైపోయింది. డబ్బా ఖాళీ అయితే అందులో తులసి మొక్క వేసుకున్నారు, కందిపప్పు పోసుకున్నారు. నెయ్యి కొనలేని ఇళ్లలో పండగ మిఠాయి దానితోనే అయ్యేది.

నూనెకు నికెల్ కలిపి హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తే అది నెయ్యిలా పేరుకుంటుంది. వనస్పతి అంటే అదే. జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ నార్మన్ 1902లోనే ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు. ఆ పనిని సగంలో ఆపితే నూనెలో పుట్టేదే ట్రాన్స్ ఫ్యాట్. ఇలాంటి కొవ్వు చవక, నెలల తరబడి పాడవదు, బిస్కెట్‌కు కరకరలాడే గుణం ఇస్తుంది. కంపెనీలకు అంతకన్నా ఏం కావాలి? మన దేశంలో అయితే వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె కలపాలని నిబంధన పెట్టారు. ఎవరైనా నెయ్యిలో వనస్పతి కలిపితే పరీక్షలో దొరికిపోవాలని! కల్తీ నెయ్యి మీద ఉన్న ఆ శ్రద్ధ, డబ్బాలోని కొవ్వు మనిషిని ఏం చేస్తోందన్న దాని మీద చాలా ఏళ్లు లేకపోయింది.

అడిగినవాళ్లు లేకపోలేదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఫ్రెడ్ కుమెరో, ట్రాన్స్ ఫ్యాట్ మనిషి కణజాలంలోకి చేరుతోందని 1957లోనే తన సహచరులతో కలిసి ప్రచురించారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు, ఇది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాక మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని కూడా చూపించాకే కదలిక వచ్చింది. 1994లో అమెరికాలోని వినియోగదారుల సంస్థ ఒకటి, తిండిలో ట్రాన్స్ ఫ్యాట్ ఎంత ఉందో లేబుల్ మీద వేయించాలని ప్రభుత్వానికి అర్జీ పెట్టింది. నిబంధన ఖరారవడానికి 2003 దాకా పట్టింది, అమల్లోకి వచ్చింది 2006 జనవరి 1న. కెనడాలో అంతకు కొన్ని వారాల ముందే మొదలైంది.

మరి లేబుల్ పనిచేసిందా? చేసింది. కాకపోతే మనం అనుకునే దారిలో కాదు. సూపర్‌మార్కెట్‌లో నిలబడి అంత చిన్న అక్షరాలు చదివేవాళ్లు ఎందరుంటారు? పెద్ద అంకె అచ్చువేసుకోవడం ఇష్టం లేక కంపెనీలే తయారీ మార్చుకున్నాయి. 2000, 2009 రక్త నమూనాలను పోల్చి చూస్తే అమెరికాలోని శ్వేతజాతి పెద్దల్లో ట్రాన్స్ ఫ్యాట్ 58 శాతం తగ్గింది. ఆ ఘనతంతా లేబుల్‌కే ఇవ్వలేం. మధ్యలో న్యూయార్క్ నగరం హోటళ్లలో దాని వాడకానికి అడ్డుకట్ట వేసింది కూడా.

కానీ ఆ అమెరికా లేబుల్‌లో ఒక కన్నం ఉంది. ఒకసారి తినే మోతాదులో అర గ్రాము కన్నా తక్కువ ఉంటే ‘0’ అని వేయవచ్చు. మూడు బిస్కెట్లు ఒక మోతాదు, అందులో 0.4 గ్రాములు ఉందనుకోండి. ప్యాకెట్ మీద సున్నా. టీవీ చూస్తూ పన్నెండు బిస్కెట్లు తిన్న పిల్లాడి ఒంట్లోకి వెళ్లేది 1.6 గ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దే సుమారు 2.2 గ్రాములు! పదార్థాల జాబితాలో ‘పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె’ అన్న మాట వెతికి పట్టుకుంటే తప్ప తల్లికి ఈ సంగతి తెలిసే దారి ఉండేది కాదు. నాకు ఇది చిన్న లోపంగా కనిపించదు.

డెన్మార్క్ ఈ చిక్కులోకి దిగనేలేదు. 2003లోనే కొవ్వులో 2 శాతానికి మించి ట్రాన్స్ ఫ్యాట్ ఉండకూడదని చట్టం చేసేసింది. అమెరికా అక్కడికి చేరడానికి కుమెరో 94 ఏళ్ల వయసులో అర్జీ పెట్టాల్సి వచ్చింది, 98 ఏళ్లకు కోర్టుకెక్కాల్సి వచ్చింది. 2015లో నిషేధ నిర్ణయం వెలువడింది. అది అమల్లోకి వచ్చిన 2018 జూన్ నాటికి ఆయన లేరు. 2017లో, 102 ఏళ్లకు కన్నుమూశారు.

మన దేశంలో హద్దు మెట్లు దిగుతూ వచ్చింది. నూనెలు, కొవ్వుల్లో మొదట 10 శాతం, తర్వాత 5, 2021లో 3, 2022 జనవరి నుంచి 2. అదే 2 శాతం హద్దు, వాటితో తయారయ్యే తిండికీ వర్తిస్తుంది. ఇదే మనకు ఎక్కువ అవసరం. ఎందుకంటే మనం తినే వాటిలో ఎంతో భాగానికి అసలు లేబులే ఉండదు. మా వీధి చివరి బేకరీలో సాయంత్రం కర్రీపఫ్‌ల ట్రే దిగగానే పిల్లలు మూగుతారు. వేడివేడి పఫ్‌ను కాగితం ముక్కలో పెట్టి ఇస్తారు, పొరలు రాలుతుంటే కాగితం నూనెతో పారదర్శకమవుతుంది. ఆ కాగితం మీద ఏ అంకే ఉండదు. అందులో వాడిన కొవ్వు ఏ రకమో చూసి చెప్పడం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వల్ల కూడా కాదు, నమూనా ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.