న్యూరాన్‌ను స్విచ్‌గా చూడటం ఎక్కడ మొదలైంది

మెదడులో ఎన్ని న్యూరాన్లు (నాడీకణాలు) ఉంటే అన్ని స్విచ్‌లు పెట్టి కంప్యూటర్ కడితే చాలు, అది మెదడుకు సమానమవుతుందన్న వాదనకు మూలం 1943లో ఉంది. శాస్త్రవేత్తలు వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ ఆ ఏడాది న్యూరాన్‌ను గణితానికి వీలుగా కుదించారు. వచ్చిన సంకేతాలను కూడుతుంది, మొత్తం ఒక హద్దు దాటితే 1, లేకుంటే 0. లెక్క కోసం గీసుకున్న ఆ బొమ్మే పోనుపోను అసలు కణంగా చలామణీ అయింది.

నిజానికి 1906 నాటికే జీవశాస్త్రవేత్త హెర్బర్ట్ జెన్నింగ్స్, నాడులే లేని స్టెంటర్ అనే ఏకకణ జీవి ఏం చేయగలదో రాసిపెట్టాడు. బూర ఆకారంలో, కింది కొసతో అతుక్కుని ఉంటుంది. నోటి మీదికి కార్మైన్ అనే ఎర్ర రంగు పొడి వదిలితే పక్కకు వంగింది. పొడి ఆగకపోయేసరికి శైలికలను, అంటే ఒంటిమీది సన్నని వెంట్రుకల్లాంటివాటిని, వెనక్కి కొట్టి నీటిని నెట్టేసింది. అదీ పనిచేయకపోతే ముడుచుకుంది. పలుమార్లు ముడుచుకున్నాక పట్టు వదిలి ఈదుకుంటూ పోయింది. 1967లో మళ్లీ చేసి చూసినవాళ్లకు ఈ వరుస కనబడలేదు. వాళ్లు వాడింది వేరే జాతి, స్టెంటర్ సెరూలియస్. అది అతుక్కోవడం కన్నా ఈదడానికే మొగ్గుతుంది. 2019లో హార్వర్డ్ బృందం జెన్నింగ్స్ వాడిన స్టెంటర్ రోసెలీతోనే, కార్మైన్‌కు బదులు సన్నని ప్లాస్టిక్ పూసలతో ఆ వరుసను నిర్ధారించింది.

ఒక్క కణంలో ఇంత ఇమిడినప్పుడు, న్యూరాన్‌ను అంత తక్కువగా అంచనా వేయడానికి కారణం లేదు. పేరమీషియం అనే మరో ఏకకణ జీవి దేనికైనా గుద్దుకుంటే, కాల్షియాన్ని కణంలోకి వదిలే ద్వారాలు తెరుచుకుని శైలికలు వెనక్కి కొడతాయి. అలాంటి ద్వారాలే న్యూరాన్ డెండ్రైట్లలోనూ, అంటే సంకేతాలు అందుకునే కొమ్మల్లోనూ, ఉన్నాయి. మనిషి మెదడు పై పొర అయిన కార్టెక్స్‌లోని కొన్ని న్యూరాన్ల డెండ్రైట్లలో, ప్రేరణ ఒక మోతాదులో ఉంటే వచ్చే కాల్షియం స్పైక్ (ఒక్కసారిగా ఎగసే విద్యుత్ సంకేతం), ప్రేరణ ఇంకా పెరిగితే తగ్గిపోతోందని 2020లో బయటపడింది. అంటే రెండు సంకేతాల్లో ఏదో ఒకటే వస్తే స్పందించి, రెండూ కలిసి వస్తే ఊరుకోవడం ఆ కొమ్మ ఒక్కదానికే సాధ్యం. 1943 నాటి స్విచ్ ఒంటరిగా చేయలేని పని ఇది.

2021లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎలుక కార్టెక్స్ న్యూరాన్‌ను మిల్లీసెకను కచ్చితత్వంతో అనుకరించడానికి 5 నుంచి 8 పొరల కృత్రిమ నెట్‌వర్క్ కావాలని తేల్చారు. న్యూరాన్‌పై సంకేతాలు అందుకునే ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాలను తీసేస్తే, నెట్‌వర్క్‌లో ఒక్క అంతర (మధ్య) పొర సరిపోయింది. వాళ్లు అనుకరించింది ఆ న్యూరాన్ కంప్యూటర్ నమూనాను, బతికున్న కణాన్ని కాదు. ఈ అంకెను ఎత్తిచూపేవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

న్యూరాన్ల సంఖ్యతో, వైరింగ్‌తోనే పని జరిగితే సి. ఎలెగాన్స్ పురుగు ఎప్పుడో పూర్తిగా అర్థమై ఉండేది. దాని 302 న్యూరాన్ల వైరింగ్ 1986లోనే అచ్చయింది. కానీ ఆర్‌ఐఏ అనే ఒక్క న్యూరాన్ ఆక్సాన్‌లోనే (పొడవాటి తీగలాంటి భాగంలోనే), తల వీపువైపు వంగితే ఒక భాగంలో, పొట్టవైపు వంగితే మరో భాగంలో కాల్షియం పెరుగుతుందని 2012లో తేలింది. వైరింగ్ పటంలో అది ఒక్క చుక్కే.