చందా కట్టించుకునే సంఘమేనా? ఫైనాన్షియల్ అడ్వైజర్ల వృత్తి సంఘంపై అపోహలు - వాస్తవాలు

ఆర్థిక సలహా ఇవ్వడం నా పని. వృత్తి సంఘం మాటెత్తితే చాలు, తోటి అడ్వైజర్లు "ఏటా చందా కట్టించుకుని సర్టిఫికెట్ పంపుతారు, అంతేగా" అని తీసిపారేస్తారు. క్లయింట్లలో చాలామందికైతే అలాంటిది ఒకటుందనే తెలియదు.

అపోహ: రెగ్యులేటర్ (ప్రభుత్వ నియంత్రణ సంస్థ) ఉండగా మళ్లీ సంఘం దేనికి?

చట్టం చెప్పేది ఇంతకంటే దిగజారొద్దని మాత్రమే. పైగా రెగ్యులేటర్ ఎక్కువగా నష్టం జరిగాకే రంగంలోకి దిగుతుంది. 2017లో బ్రిటిష్ స్టీల్ పెన్షన్ వ్యవహారం చూడండి. జీవితాంతం గ్యారంటీగా వచ్చే పెన్షన్ వదులుకుని సొమ్ము బయటికి తీసుకోమని వేలమంది కార్మికులకు సలహా ఇచ్చారు. తర్వాత రెగ్యులేటర్ ఫైళ్లు తిరగేస్తే, పరిశీలించినవాటిలో దాదాపు సగం సలహాలు ఆ మనుషులకు తగినవి కావని తేలింది. అలా సలహా ఇచ్చిన సంస్థల్లో కొన్ని మూతపడ్డాయి, అలాంటప్పుడు పరిహారం చెల్లించే నిధికి డబ్బు వచ్చేదేమో మిగతా సంస్థల దగ్గర వసూలు చేసే లెవీ నుంచి. అంటే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసినవాడి మీద కూడా ఆ బిల్లు పడింది.

సంఘం పని నష్టం జరగకముందే మొదలవ్వాలి. ఒంటరిగా ఆఫీసు నడిపే అడ్వైజర్‌కి అనుమానం వస్తే అడగడానికి ఎవరున్నారు? ప్రొడక్ట్ అమ్మే కంపెనీ రిప్రజెంటేటివ్ ఒక్కడే, అతనికి నెలాఖరు టార్గెట్ ఉంటుంది. సంతకం పెట్టకముందే ఫోన్ చేసి "ఈ కేసు ఇలా ఉంది, నేనేమైనా వదిలేశానా?" అని నిర్మొహమాటంగా అడగగలిగే సీనియర్‌ని సంఘం ఏర్పాటు చేస్తే, నా లెక్కలో ఆ ఒక్క పనికే చందా గిట్టుబాటు.

అపోహ: అది అడ్వైజర్ల యూనియన్.

కొన్నిచోట్ల నిజంగానే అలా తయారైంది. సభ్యుల కోసం ప్రభుత్వంతో కొట్లాడేదీ, తప్పు చేసిన సభ్యుడిని శిక్షించేదీ ఒకే కమిటీ అయితే బయటివాళ్లు ఎందుకు నమ్మాలి? అమెరికాలో ఈ రెండూ వేర్వేరు. అర్హత ప్రమాణాలు, క్రమశిక్షణ 1985లో పుట్టిన సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) బోర్డు చూస్తుంది, సభ్యుల సంఘం విడిగా ఉంది. బహిరంగ చర్య తీసుకుంటే పేరుతో సహా బోర్డు ప్రకటిస్తుంది. ఏ సంఘాన్నైనా నేను ముందు చూసేది ఇదే: ఎవరినైనా తీసేశారా, తీసేసి ఆ సంగతి బయటికి చెప్పారా? (వార్షిక సదస్సుకి స్పాన్సర్లు ఎవరో కూడా ఓసారి చూడండి, బోలెడు సంగతులు తెలుస్తాయి.)

అపోహ: ట్రైనింగ్ గంటలు నిండితే నైపుణ్యం వచ్చినట్టే.

బ్రిటన్‌లో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌కి ఏడాదికి 35 గంటలు, ఆస్ట్రేలియాలో 40. గంటలు నింపడం ఎంతసేపు, వెబినార్ ఆన్ చేసి పక్క ట్యాబ్‌లో మెయిల్స్ చూసుకుంటే అయిపోతుంది. అసలు నేర్పేది ఫైలు రివ్యూ. రిటైరవ్వబోయే మనిషి, ఎంత నష్టం తట్టుకోగలరో అడిగే రిస్క్ ఫారంలో "మధ్యస్థం" అని టిక్కు, ఇంకో మూడు పేజీల తర్వాత "ఈ డబ్బు తప్ప వేరే ఆధారం లేదు" అని ఆయన చేతిరాతే. ఈ రెండింటికీ పొంతన లేదని అడ్వైజర్ గమనించాడా, గమనిస్తే ఆయన్ని అడిగి జవాబు రాసుకున్నాడా? పేర్లు తీసేసిన అలాంటి ఫైలు నలుగురు కూర్చుని చదివితే, నెలల తరబడి విన్న లెక్చర్లు నేర్పనిది ఆ పూటలో తలకెక్కుతుంది.

అపోహ: పరీక్షలు కఠినం చేసి, ప్రొడక్ట్ కంపెనీలు అడ్వైజర్లకిచ్చే కమిషన్ నిషేధిస్తే రంగం దానంతటదే బాగుపడుతుంది.

రెండూ అవసరమే, కాదనను. బ్రిటన్‌లో 2012 చివర, నెదర్లాండ్స్‌లో 2013 జనవరిలో కమిషన్‌పై నిషేధం వచ్చింది. కమిషన్ బదులు క్లయింటే నేరుగా కట్టాల్సిన ఫీజు ఎంతో కళ్లకు కనిపించేసరికి, చిన్న మొత్తాలున్నవాళ్లు సలహాకే దూరమయ్యారన్న మాట అప్పటినుంచీ వినిపిస్తూనే ఉంది. ఆస్ట్రేలియాలో డిగ్రీ, జాతీయ పరీక్ష తప్పనిసరి చేశాక, పెద్ద బ్యాంకులు కూడా ఈ వ్యాపారం నుంచి తప్పుకోవడంతో, అడ్వైజర్లు దాదాపు 28 వేల నుంచి కొన్నేళ్లలోనే 16 వేల లోపుకు పడిపోయారు. అక్కడి రెండు పెద్ద సంఘాలు 2023లో ఒకటయ్యాయి. గీత పైకి జరిపే సంఘమే కొత్తవాళ్లని అక్కడిదాకా చేర్చాలి, అంటే సీనియర్ల దగ్గర శిక్షణ, పరీక్షలో తప్పినవాళ్లకి చేయూత, గంటకింత అని తీసుకుని ఒక్క ప్రశ్నకే సలహా ఇచ్చే పద్ధతికి నమూనా కాగితాలు. ఇవేవీ లేకుండా ప్రమాణాలు పెంచామంటే ఉన్నవాళ్లకి పోటీ తగ్గించినట్టే.

అపోహ: సభ్యుడంటే అర్హుడే.

కాకపోవచ్చు. చాలా సంఘాల్లో విద్యార్థి, అసోసియేట్ అంటూ అంచెలుంటాయి, కొన్నింటికి పరీక్షే అక్కర్లేదు. విజిటింగ్ కార్డు మీద లోగో చూసి ఆగిపోకుండా సంఘం రిజిస్టర్‌లో ఆ పేరు వెతికి, ఏ స్థాయి సభ్యత్వమో, ఇప్పటికీ అమల్లో ఉందో లేదో చూసుకోండి. రిజిస్టర్ జనానికి అందుబాటులో లేదంటే ఆ లోగోని లెక్కలోకి తీసుకోవద్దు.